సిపాయికి రంగు పూసేదెవరు?

మాకో అలవాటుంది. నలభై దాటిన మగాళ్లకు ఉండదగ్గ అలవాటు కాదని మా ఇళ్లల్లో ఆడవాళ్లంటారు. ఆదివారం మధ్యాహ్నాలు నలుగురం ఒక గదిలో చేరి బొటనవేలంత సిపాయి బొమ్మలకు రంగులేస్తాం. వేసి ఊరుకోం. వేసిన రంగును మళ్లీ మేమే పాడుచేస్తాం. కొత్త కోటుకు దుమ్ము పట్టిస్తాం. మెరిసే కత్తికి తుప్పు ఎక్కిస్తాం. చెప్పులకు బురద పూస్తాం. ఆ తర్వాత వాళ్లను బల్ల మీద బారులు తీర్చి, పాచికలు వేసుకుంటూ, ఎప్పుడో అయిపోయిన యుద్ధాలను మళ్లీ ఆడతాం.

నలుగురమంటే, బ్యాంకులో పనిచేసే ఒకరు, ఫొటో స్టూడియో నడిపే ఒకరు, జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పే ఒకరు, ఉర్దూలో ఆలోచించి తెలుగులో రాసి పత్రికలో జీతం తీసుకునే ఒకరు. ముగ్గురం సాయిబులం. చరిత్ర లెక్చరరు పద్మశాలి. మగ్గం మీద పెరిగిన ఇల్లు కాబట్టి రంగుల గురించి మా ముగ్గురికన్నా ఆయనకే ఎక్కువ తెలుసు.

అందరూ బతుకుల గురించి రాస్తున్న సంకలనంలో మీరు బొమ్మల గురించి రాస్తారా అని ఎవరైనా అడగొచ్చు. అడగాలి కూడా. మా జవాబు ఇది. ఒక మనిషికి మతమూ, జాతీ, శత్రుత్వమూ ఎట్లా అంటుకుంటాయో మేం పుస్తకాల్లో చదివినదానికన్నా ఈ బల్ల మీద స్పష్టంగా చూశాం. అచ్చులోంచి వచ్చిన సిపాయి బూడిద రంగులో ఉంటాడు. వాడు హిందువూ కాదు, ముసల్మానూ కాదు. వీరుడూ కాదు, ద్రోహీ కాదు. కుంచె పట్టినవాడే వాణ్ణి ఏదో ఒకటి చేస్తాడు.

ఈ ఆట పెరిగింది యూరపులో. ప్రష్యా సైన్యంలో ఆఫీసర్లకు యుద్ధం నేర్పడానికి రైస్విట్జ్ అనే తండ్రీకొడుకులు దీన్ని తయారుచేశారు. కొడుకు రాసిన నియమాలు 1824లో అచ్చయ్యాయి. 1893లో విలియం బ్రిటన్ కంపెనీ లోపల బోలుగా ఉండే సీసపు సిపాయిల్ని పోయడం మొదలుపెట్టాక ఇంగ్లండులో మామూలు ఇళ్లకు కూడా సైన్యాలు చేరాయి. 1913లో హెచ్.జి. వెల్స్ 'లిటిల్ వార్స్' అని ఈ ఆట మీద ఒక పుస్తకమే రాశాడు. ఈ చిన్న యుద్ధం నాలుగుసార్లు ఆడితే పెద్ద యుద్ధం ఎంత తెలివితక్కువ పనో తెలుస్తుందని ఆయన వాదన. మరుసటేడే పెద్ద యుద్ధం వచ్చింది. అంటే ఆయన మాట ఎవరూ వినలేదన్నమాట. 1975లో గేమ్స్ వర్క్‌షాప్ అనే కంపెనీ పుట్టింది. దాని వార్‌హామర్ 1983లోనూ, అంతరిక్ష యుద్ధాల వార్‌హామర్ 40,000 1987లోనూ వచ్చాయి. ఇప్పుడు ఈ బొమ్మల లోకానికి రాజధాని ఇంగ్లండులోని నాటింగ్‌హామ్. అక్కడా చుట్టుపక్కలా బొమ్మలు పోసే కంపెనీలు చాలా ఉన్నాయి. చరిత్ర యుద్ధాల బొమ్మలు ఎక్కువగా 28 మిల్లీమీటర్ల ఎత్తువి. తగరం, సీసం కలిపి పోసేవాళ్లు. తొంభైల్లో సీసం విషమని చాలామంది మానేశారు. ఇప్పుడు ప్లాస్టిక్కే ఎక్కువ.

మా ముగ్గురి బాల్యం ఒకే గల్లీ. 1990 డిసెంబరులో హైదరాబాదు కర్ఫ్యూలో ఉన్న రోజులు. బయటికి పోవద్దు, కిటికీ తెరవొద్దు, గట్టిగా మాట్లాడొద్దు. జెడ్డా నుంచి మామూ తెచ్చిన ఒక డబ్బా ఉండేది, నిండా అంగుళం లోపు ప్లాస్టిక్ సిపాయిలు. ఎడారిలో ఇంగ్లీషువాళ్లకూ జర్మన్లకూ యుద్ధం. బయట జరిగేది ఏమిటో మాకెవరూ చెప్పలేదు, మేం లోపల ఇది ఆడుకున్నాం. ఆ డబ్బాలో తలపాగావాడు ఒక్కడూ లేడు. ఆ ఎడారిలో నాలుగో ఇండియన్ డివిజన్ పోరాడిందనీ, అందులో పంజాబీ ముసల్మానులూ, సిక్కులూ, రాజపుత్రులూ, గూర్ఖాలూ ఉన్నారనీ మాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆటలో లేనివాణ్ణి వెతకడం అప్పట్నుంచీ మాకు అలవాటైంది. పెద్దయ్యాక ఇంగ్లండులో ఉన్న చుట్టాలొకరు లోహపు బొమ్మలు తెచ్చినప్పుడు పాత పిచ్చి మళ్లీ పట్టుకుంది. ఒక్కో బొమ్మ ఖరీదు ఒక ప్లేటు బిర్యానీ అంత. అందుకని తొందరపడి పాడుచేసుకోం.

పని ఇట్లా సాగుతుంది. ముందు అచ్చు గీతల్ని సన్నటి ఆకురాయితో గీకాలి. సబ్బునీళ్లతో కడగాలి. లేకపోతే అచ్చు నుంచి అంటుకొచ్చిన జిడ్డు రంగును పట్టనివ్వదు. ఆపైన ప్రైమర్. నల్ల ప్రైమర్ వేస్తే బొమ్మ ముదురుగా తేలుతుంది, తెల్లదైతే వెలుతురుగా. సగం సంగతి ఆ మొదటి పొరలోనే తేలిపోతుంది. తర్వాత కోటుకు కోటు రంగు, పాగాకు పాగా రంగు. అవి ఆరాక ముదురు గోధుమ రంగును నీళ్లలాగా పలచన చేసి బొమ్మంతా పారిస్తాం. అది బట్ట మడతల్లోకి, వేళ్ల సందుల్లోకి, గడ్డం కిందికి జారి నీడవుతుంది. చివరికి కుంచెకు లేత రంగు అంటించి, పాతగుడ్డకు దాదాపు అంతా తుడిచేసి, పొడికుంచెతో పైపైన రాస్తాం. ఎత్తుగా ఉన్నచోటల్లా వెలుగు పడుతుంది.

ఆ తర్వాత పాతబరచడం. ఇంగ్లీషులో వెదరింగ్ అంటారు. ఎండావానా తగిలించడం అనుకోండి. గిన్నెలు తోమే స్పాంజి ముక్క చించి, ముదురు రంగులో అద్ది, డాలు అంచులకు తాటిస్తే రంగు పెచ్చులూడినట్టు కనిపిస్తుంది. తోపుబండికి ముందు తుప్పు రంగు వేసి, ఆరాక తలకు కొట్టుకునే హెయిర్ స్ప్రే కొట్టి, పైన బండి రంగు వేస్తాం. తడి కుంచెతో రుద్దితే స్ప్రే కరిగి పై రంగు అక్కడక్కడా లేచిపోతుంది, కింద తుప్పు బయటపడుతుంది. బురద చుక్కలకు పాత టూత్‌బ్రష్. కోటు బొత్తాలకు మా ఇళ్లల్లో ఉండే సుర్మా సలాయి. దాని మొనకు రంగు అద్ది పెడితే ఏ విదేశీ కుంచె పెట్టలేనంత గుండ్రంగా వస్తుంది. స్పెయిన్ నుంచి వచ్చే వయేహో రంగులు ఒకటి రెండు సీసాలే కొంటాం. మిగతావన్నీ పిల్లల అక్రిలిక్ ట్యూబులే.

దుమ్ముకు దుమ్మే వాడతాం. మట్టిని మల్‌మల్ గుడ్డలో జల్లించి, పలచటి ఫెవికాల్ నీళ్లతో అంటిస్తాం. ఏ మట్టి అన్నది ముఖ్యం. తెలంగాణ చల్క నేల ఎర్రగా ఉంటుంది. మరాఠ్వాడాది నల్లరేగడి. పానిపట్టుది యమున తెచ్చిపోసిన బూడిదగోధుమ ఒండ్రు. పానిపట్టు సిపాయి కాళ్లకు మా ఊరి ఎర్రమట్టి పూస్తే వాడు అక్కడివాడు కాడని చూసినవాడు పట్టేస్తాడు. ఎవడు ఎక్కణ్ణుంచి నడిచొచ్చాడో చెప్పేది దుమ్మే.

ఈ పని మీద మొదటి అభ్యంతరం బయటినుంచి రాలేదు, మా ఇంట్లోంచే వచ్చింది. నానీ బతికున్నన్నాళ్లూ అనేది: "ఏ బుతాఁ బనాకో ఖయామత్ మే క్యా జవాబ్ దేతే రే? ఉనమే జాన్ డాలో బోలేతో డాలతే క్యా?" ఈ బొమ్మలు చేసి ప్రళయదినాన ఏం జవాబు చెబుతారు, వీటికి ప్రాణం పోయమంటే పోస్తారా అని. ప్రాణమున్నవాటి రూపాలు చేసేవాళ్లను ఆ రోజు అట్లా అడుగుతారని హదీసు ఉంది. కొట్టిపారేసే మాట కాదు. మొహల్లా మౌల్వీసాబును అడిగాం. హజ్రత్ ఆయిషా చిన్నతనంలో బొమ్మలతో ఆడుకునేవారనీ, వాటిలో రెక్కల గుర్రం ఒకటి ఉండేదనీ, ప్రవక్త అది చూసి నవ్వారనీ ఇంకో హదీసు చెప్పారాయన. ఆటబొమ్మల వరకు సరేననే ఉలమా ఉన్నారు, వద్దనేవాళ్లూ ఉన్నారు అన్నారు. నానీ ఈ తీర్పుకు పూర్తిగా ఒప్పుకోలేదు. మేమూ మానలేదు. మధ్యేమార్గంగా కళ్లు వేయడం మానేశాం. 28 మిల్లీమీటర్ల బొమ్మకు కన్ను చేతిదూరం నుంచి ఎట్లాగూ కనపడదు, నీడ ఒక్కటి చాలు. బల్ల మీది ఆటకు బొమ్మలేసే తెల్లవాళ్లలో చాలామందీ కళ్లు వేయరు. వాళ్లకది ఓపిక లేకపోవడం. మాకది నానీకిచ్చిన మాట.

ఆలోచిస్తే ఇది కొత్తదేం కాదు. చతురంగం ఇక్కడ పుట్టి, ఇరాన్ మీదుగా అరబ్బులకు చేరి షత్రంజ్ అయింది. ముసల్మాను దేశాల్లో దాని ఏనుగులకూ గుర్రాలకూ రూపాలు పోయి ఉత్త గుండ్రటి ముక్కలు మిగిలాయి. అది యూరపుకు పోయాక మళ్లీ ముఖాలు మొలిచాయి. బల్ల యుద్ధాల మొదటి నియమాలు రాసిన జర్మన్లు ఆ చదరంగాన్నే పెంచుకుంటూ పోయారు. ఒకే ఆట ఒకచోట ముఖం పెట్టుకుంది, ఒకచోట తీసేసుకుంది. ఇక్కడ చేర్యాలలో పటాలు గీసేవాళ్లనూ నిర్మల్‌లో బొమ్మలు చేసేవాళ్లనూ నకాషీలంటారు. నక్కాష్ అనేది అరబ్బీ మాట. దేవుళ్ల కథలు గీసే చేతులకు ఆ పేరు ఎవరూ బలవంతంగా తగిలించలేదు. పేరు పరాయిదని ఆ చేతులూ ఎప్పుడూ అనుకోలేదు.

రెండో ఇబ్బంది ఒంటి రంగు. మేం ఈ పని మొదలుపెట్టే నాటికి రంగుల సీసాల మీద 'ఫ్లెష్' అని రాసి ఉండేది. అంటే ఒంటి రంగు. తెరిస్తే లేత గులాబీ. మిగతా మనుషులకు 'డార్క్' అనో 'టాన్‌డ్' అనో ముందు ఒక మాట తగిలించాలి. ఇంగ్లీషువాణ్ణి అని ఏం లాభం? మన పిల్లల క్రేయాన్ డబ్బాల్లోనూ ఆ గులాబీనే మనం 'స్కిన్ కలర్' అంటాం. కరీంనగర్‌లో ఎండలో తిరిగే పిల్ల ఆ రంగుతో అమ్మ బొమ్మ వేస్తుంది. మా నలుగురిదీ ఒకటే పద్ధతి. రంగు కలిపి ముంజేతి వెనక పూసుకుని చూస్తాం. కలిసిపోతే అది సరైన రంగు. నాలుగు చేతులకు నాలుగు రంగులు కావాలి. నాలుగూ వచ్చేది ఆ రెండు ట్యూబుల్లోంచే, కాల్చిన గోధుమ రంగూ పసుపుమట్టి రంగూ. ఎవరి చేయి ఏ మతందో చూసి చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. లెక్చరరు మా అందరికన్నా తెల్లన. మేం ముగ్గురం అరబ్బు దేశం నుంచి వచ్చామని చెప్పుకునే మా పెద్దల కథను మా చేతులే ఒప్పుకోవు.

ఇక కంపెనీల జాబితాలు. వాటిలో ముసల్మాను ఎక్కడెక్కడ కనపడతాడో చూడండి. క్రూసేడ్లలో 'సారసెన్'. స్పెయిన్‌లో 'మూర్'. సూడాన్‌లో 'దెర్విష్'. వాయవ్య సరిహద్దులో 'పఠాన్'. ఇప్పటి యుద్ధాల్లో 'ఇన్సర్జెంట్'. ఊహాలోకాలు కూడా ఖాళీగా లేవు. వార్‌హామర్‌లో 'అరబీ' అని ఒక దేశం, ఎగిరే తివాచీలతో, జిన్నులతో సహా. పేర్లు మారినా వాడు బల్లకు అవతలి వైపే ఉంటాడు. చాలా ఆటల్లో మేం లేమని కాదు మా ఫిర్యాదు. ఉన్నాం, ఎప్పుడూ ఒకే చోట ఉన్నాం.

నిజానికి యుద్ధాలు అట్లా జరగలేదు. 1898 సెప్టెంబరు 2న సూడాన్‌లో ఆమ్‌దుర్మాన్ దగ్గర ఒకే రోజు పదివేలమందికి పైగా మహ్దీ సైనికులు మెషీన్ గన్లకూ ఫిరంగులకూ చచ్చారు. అవతల చనిపోయింది యాభైమంది లోపు. ఇంగ్లీషు గెలుపని అందరూ చెప్పుకుంటారు. కిచెనర్ వెంట ఉన్న సుమారు ఇరవై అయిదు వేలమందిలో మూడింట రెండువంతులు ఈజిప్టు, సూడాన్ సిపాయిలు, దాదాపు అందరూ ముసల్మానులే. మహ్దీ సైనికుల అంగీలకు అతుకులుండేవి, ఫకీరు బతుకుకు గుర్తుగా. తర్వాత్తర్వాత ఆ అతుకులే సైన్యం యూనిఫాం అయ్యాయి, చక్కగా కొలిచి కుట్టేవాళ్లు. బొమ్మలేసేవాళ్లు చాలామంది వాటిని చినిగిన గుడ్డలుగా వేసి పైన మురికి పూస్తారు. వ్రతాన్ని దరిద్రంగా చూపించడానికి కుంచెడు గోధుమ రంగు చాలు.

కొన్నేళ్ల కింద ఒక నగరంలో ఈ ఆటగాళ్లు కలిసే చోటికి మేం నలుగురం పోయాం. పానిపట్టు ఆడదామన్నారు. మా పేర్లడిగారు. పేర్లు విని, ఇంకో మాట లేకుండా అబ్దాలీ సైన్యాన్ని మా ముందుకు జరిపారు. లెక్చరరు ముందుకు మరాఠా సైన్యం. వాళ్లలో ఎవరికీ దురుద్దేశం లేదు. చాయ్ తెప్పించారు, మా రంగులను మెచ్చుకున్నారు. ఎవరికీ దురుద్దేశం లేకుండానే అట్లా జరగడం మమ్మల్ని కలతపెట్టింది. తిట్టినవాడితో తగువు పెట్టుకోవచ్చు. ఇంత సహజంగా బల్ల అటువైపు కూర్చోబెట్టేవాళ్లతో ఏమని తగువు పడతాం?

తగువు పడలేదు. ఇంటికొచ్చి పానిపట్టును మొదటినుంచీ చదివి, బొమ్మలు మేమే వేయడం మొదలుపెట్టాం. 1761 జనవరి 14. మరాఠా వ్యూహంలో ఎడమ పక్క నిలబడింది ఇబ్రహీం ఖాన్ గార్దీ. దక్కన్ ముసల్మాను. ఫ్రెంచి సేనాని బుస్సీ దగ్గర యూరపు కవాతు నేర్చి, నిజాం కొలువులో ఉండి, తర్వాత పీష్వా కొలువుకు పోయినవాడు. ఏడాది కింద, 1760లో, ఉద్గీర్ దగ్గర తన పాత యజమాని నిజాం సైన్యం మీదే ఫిరంగులు పేల్చాడు. పానిపట్టులో ఎనిమిది, తొమ్మిది వేల పదాతి దళంతో రోహిల్లాల మీద పడి వాళ్లను చెల్లాచెదురు చేశాడు. మరాఠా సైన్యం విరిగాక గాయాలతో పట్టుబడి అబ్దాలీ వాళ్ల చేతిలో చచ్చాడు. మరి బల్లకు అవతలి వైపు? అబ్దాలీకి తోడుగా వచ్చిన అవధ్ నవాబు శుజా ఉద్దౌలా దళంలో అనూప్‌గిరి గోసాయి నాయకత్వంలో నాగా సన్యాసులున్నారు. ఒంటినిండా బూడిద, జటలు, చేతిలో కత్తి, ఇస్లాం పక్షమని మనం చెప్పుకునే పక్షాన. ఈ యుద్ధాన్ని కళ్లారా చూసి ఫార్సీలో రాసిపెట్టిన కాశీరాజు, శుజా కొలువులోని మరాఠీ బ్రాహ్మణుడు.

ఇది మతసామరస్యానికి ఉదాహరణ అని మేం చెప్పబోవడం లేదు. ఆ పెద్దమనుషులు కలిసిమెలిసి ప్రజల్ని చంపారు, అంతే. మేం చెప్పేది వేరు. పేరు చూసి పక్షం పంచే పద్ధతి అప్పుడు లేదు. అది తర్వాత పూసిన రంగు.

గార్దీ సిపాయిల్ని వేసేటప్పుడు దుమ్ము దగ్గర ఆగాం. పానిపట్టు దుమ్ము ఒక్కటి పూస్తే చాలదనిపించింది. వీళ్లు దక్కన్ నుంచి నడిచిపోయిన మనుషులు. అందుకని రెండు పొరలు వేశాం. తోపుబండి చక్రాల సందుల్లో, తోలు పట్టీల మడతల్లో నల్లరేగడి. దానిపైన, మోకాళ్ల దాకా, ఉత్తరాది బూడిదగోధుమ. పైపొర దట్టంగా ఉన్నా కిందిది అక్కడక్కడా కనపడుతుంది. గోసాయిలకు ముదురు ఒంటి రంగు వేసి, ఆరాక తెల్లబూడిద రంగును పొడికుంచెతో రాస్తే విభూతి పట్టినట్టే ఉంటుంది. అది వేసింది బ్యాంకు మిత్రుడు, అయిదు పూటలా నమాజు తప్పనివాడు.

తర్వాత టిప్పు సైన్యం. 1780 సెప్టెంబరు 10న కంచికి దగ్గరలో పొల్లిలూరు వద్ద హైదరూ టిప్పూ కల్నల్ బెయిలీ దళాన్ని తుడిచిపెట్టారు. ఆ గెలుపును శ్రీరంగపట్నం దరియా దౌలత్ బాగ్ గోడ మీద బొమ్మ వేయించారు. ఒకసారి దాని మీద సున్నం పడింది, తర్వాత ఇంగ్లీషువాళ్లే తిరిగి దిద్దించారు. ఓడినవాడు దిద్దించిన గెలుపు బొమ్మ అది. టిప్పు పదాతి సిపాయికి ఊదారంగు కోటు, దాని మీద తెల్లటి పులిచారలు. 28 మిల్లీమీటర్ల బొమ్మ మీద పులిచార అంటే వెంట్రుకంత గీత. మా నలుగురి చేతులకూ అది లొంగలేదు. ఫొటో స్టూడియో మిత్రుడి ఆపా పెళ్లిళ్లకు మెహందీ పెడుతుంది. బొమ్మ చేతిలోకి తీసుకుని, "ఇత్తా హీచ్ నా?" అని ఇరవై నాలుగు కోట్లకు ఒక్క సాయంత్రంలో చారలు గీసింది. టిప్పు ఎవరో, మంచివాడో చెడ్డవాడో ఆమె అడగలేదు. కోటు మీద చార సమంగా రావాలి, అంతే.

మరి ఆ టిప్పుకు ఎదురుగా నిలబెట్టాల్సింది ఎవరిని? ఎర్రకోటు కంపెనీ పటాలాల పక్కన మా హైదరాబాదు సైన్యాన్నే. 1790-92 యుద్ధంలో నిజాం ఇంగ్లీషువాళ్ల వైపు. 1799లో శ్రీరంగపట్నం ముట్టడికి మీర్ ఆలం వెంట నిజాం దళం పోయింది. టిప్పు నుంచి పంచుకున్న సీమలను నిజాం 1800లో కంపెనీకి రాసిచ్చాడు. తెలుగువాళ్లకు తెలిసిన దత్తమండలాలు అవే. 2015లో కర్ణాటక ప్రభుత్వం టిప్పు జయంతి మొదలుపెట్టింది, 2019లో తర్వాతి ప్రభుత్వం ఆపేసింది. రెండుసార్లూ పాతబస్తీ కుర్రాళ్ల చేతుల్లో టిప్పు బొమ్మలున్నాయి, 'మా సుల్తాన్' అని. మేం వాళ్లను తప్పుపట్టం. వాళ్ల చేత ఆ బొమ్మ పట్టించింది అవతలివాళ్లు. కానీ మా పెద్దల్లో ఎవరైనా ఆ రోజుల్లో తుపాకీ పట్టి ఉంటే అది టిప్పు మీదికే. ముసల్మానులంతా ఒకటేనని మమ్మల్ని ద్వేషించేవాళ్లూ, మాకు నాయకులమనుకునేవాళ్లూ ఒకే మాట చెబుతారు. బల్ల మీద బొమ్మలు పేర్చడానికి కూర్చుంటే ఆ మాట నిలవదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం. పాతబరచడంలో చివరి మెట్టు వార్నిష్. పూసిన దుమ్ము వార్నిష్ కొట్టకముందు తడివేలితో తుడిస్తే పోతుంది. మెరుపు లేని వార్నిష్ ఒక పూత కొట్టారా, ఇక పోదు. ఆ దుమ్ము పైనుంచి చల్లిందని కూడా తెలియదు, సిపాయి పుట్టుకతోనే అట్లా ఉన్నట్టుంటాడు.

2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. చనిపోయినవాళ్లు జుమా నమాజుకు వచ్చినవాళ్లు. తర్వాత పట్టుకెళ్లింది మా బస్తీల పిల్లల్ని. కోర్టులు వాళ్లను నిర్దోషులని వదిలేశాయి. పట్టుకున్న రోజు మొదటి పేజీ, వదిలిన రోజు లోపలి పేజీ. పత్రికల్లో పనిచేసేవాళ్లెవరికైనా ఈ లెక్క తెలుసు. మొదటి పేజీ వార్నిష్. ఆ పిల్లలు ఉద్యోగానికి పోతే, ఇల్లు అద్దెకు అడిగితే, పిల్లనివ్వమంటే, ఎదుటివాడి కంటికి ముందు కనపడేది వార్నిష్ కింద దుమ్మే. మన సినిమాలు చూడండి. పాతబస్తీ సీను అనగానే తెర పసుపుబారుతుంది, పొగ లేస్తుంది, సుర్మా పెట్టుకున్న రౌడీ మేకల మధ్యలోంచి వస్తాడు. మా గల్లీలో ఎండ మీ గల్లీలో ఎండలాగే ఉంటుంది సార్. ఆ పసుపు ల్యాబులో కలిపింది.

అట్లాగని పాతబరచడమే తప్పనం. అట్లాగైతే మా ఆదివారాలు వృథా. బీదరులో బిద్రీ పనివాళ్లను చూడండి. తుత్తునాగం ఎక్కువగా, రాగి కొద్దిగా కలిపి పాత్ర పోస్తారు. వెండి తీగె పొదుగుతారు. అప్పటికి పాత్ర తెల్లగానే ఉంటుంది, వెండి విడిగా కనపడదు. చివర్న బీదరు కోట లోపలి పాతమట్టిని నవాసారంతో కలిపి పట్టిస్తే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం నల్లబడదు. అప్పుడు పువ్వు తేలుతుంది. ఎండావానా తగలని ఆ మట్టే కావాలి, ఏ మట్టి పడితే అది పనికిరాదు. ఆ మట్టి పనివాడికి తెలిసినది, పాత్రకు తగినది. లోపలున్న పువ్వును బయటపెట్టడానికి పట్టించినది. మా మీద పడిన దుమ్ము ఆ పని చెయ్యలేదు. ఉన్న పువ్వుల్ని కూడా కప్పేసింది. రెండిటికీ ఉన్న తేడాయే మా బాధ.

భాషలో కూడా ఈ తేడా ఉంది. పుస్తకాల ఉర్దూలో 'హమ్' ఒక్కటే. వినేవాణ్ణి కలుపుకున్నా హమ్, విడిచినా హమ్. బడిలో తెలుగు మాస్టారు 'మేము' వేరు, 'మనము' వేరు అని చెప్పినప్పుడు మాకు వింతగా తోచింది. అదే బడిలో చరిత్ర పుస్తకం 'మన రాజులు' అంది, 'వారు దండెత్తి వచ్చారు' అంది. ఆ 'మన'లో మేమున్నామా, ఆ 'వారు'లో ఉన్నామా అని ఎవర్నడగాలో తెలియలేదు. ఇబ్రహీం కుతుబ్‌షాకు అద్దంకి గంగాధరకవి తెలుగు కావ్యం అంకితమిచ్చాడని ఆ పుస్తకం చెప్పలేదు. గార్దీ పేరు లేదు. అనూప్‌గిరి పేరు లేదు. పేజీకి రెండే రంగులు.

ఈ వ్యాసంలో 'మేం' అని చాలాసార్లు రాశాం. గదిలో నలుగురమున్నప్పుడు ఆ మాటలో లెక్చరరు ఉన్నాడు. మక్కా మసీదు గురించి రాసినప్పుడు ఆయన లేడు. రాసింది చదివి, "నన్ను ఎక్కడ దింపేశారో నాకు తెలిసింది" అన్నాడు. దింపింది మేం కాదన్నాం. కాసేపు ఎవరం మాట్లాడలేదు. వచ్చే ఆటలో అబ్దాలీ సైన్యం తాను తీసుకుంటానన్నాడు. గార్దీ దళం మా ముగ్గురికి వచ్చింది.

రంగులన్నీ కడిగేసి అందరం బూడిదరంగు సిపాయిలుగా నిలబడదామని మేం అడగడం లేదు. ఆ కోరిక కోరేవాళ్ల రంగు ఎట్లాగూ కడగబడదు, కడిగేది మాదే. మా దుమ్ము మాకుంది. నల్లరేగడిదీ, ఎర్రచల్కదీ, ఏ దేశం నుంచి నడిచొచ్చిన తాత చెప్పులదో అదీ. దాన్ని దాచుకోం. దానిమీద ఎవరెవరో చల్లి వార్నిష్ కొట్టింది ఎంత, మాది ఎంత, దగ్గరికొచ్చి చూడమని మాత్రం అడుగుతున్నాం. చూశాక 'మనం' అనాలనిపిస్తే అనండి, వింటాం. అప్పటిదాకా మేం 'మేం' అనే రాస్తాం.